పితికితేనే పప్పు

పెళ్ళయిన పదహారేళ్ళకు మేమిద్దరం తినడానికని ఒక ప్రయాణం పెట్టుకున్నాం. మొక్కు లేదు, శుభలేఖ లేదు, చూడాల్సిన జాబితా లేదు. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున సాన్ సెబాస్టియన్ అని బాస్క్ జాతివాళ్ళ ఊరుంది. ఆలుమగలు అక్కడికి తిండికోసమే వెళ్తారు, సాయంత్రమంతా ఈ కొట్లో ఒక ముక్క, ఆ కొట్లో ఒక ముక్క తింటూ తిరుగుతారు. దానికి దగ్గర్లోనే తొలోసా అనే ఊళ్ళో పండే నల్ల చిక్కుడుగింజలకు గొప్ప పేరు. ఇదంతా చదివి వినిపిస్తే మా ఆవిడ, "గింజలకోసం అంత దూరమెందుకు, సంక్రాంతికి మా ఊరికి పోదాం పా" అంది. ఆమెది పుంగనూరు పక్క పల్లె. నాది తెనాలి. మా వైపు అన్నమే భోజనం, మిగతావన్నీ నంజుకోవడానికి. ఆ గర్వంతోనే మదనపల్లెలో బస్సు దిగాను.

మదనపల్లె అంటే కొందరికి 1919లో ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన ఊరు. రైతుకు మాత్రం టమాటా మార్కెట్టు. 2023 జూలైలో కిలో ధర 200 రూపాయల దరిదాపులకు పోయి దేశమంతా చెప్పుకున్నది ఇక్కడి బేరమే. మేం వెళ్ళింది చిక్కుడు జాతిదే అయిన అనపకాయల కుప్పల దగ్గరికి. కాయ ఏరడం మా ఆవిడ పని, సంచి పట్టుకోవడం నా పని. గింజ పొంగి తొక్కమీద ఉబ్బు తెలియాలి. తొక్క పసుపు తిరిగిందా, ముదిరినట్టే. ఆ గింజ పొట్టు వదలదు. మరీ లేతదైతే నొక్కగానే నలిగిపోతుంది. కాయ పట్టుకుంటే వేళ్ళకు జిగురంటాలి, ఆ వేళ్ళకు వాసన రావాలి. నలుగురు ఆడవాళ్ళు కుప్ప ముందు కూర్చుని తమ చేతులు తామే వాసన చూసుకోవడం ఇంకే కూరగాయ దగ్గరా నేను చూడలేదు.

అనప పగటి నిడివిని బట్టి పూస్తుంది. పగళ్ళు కురచబడితేగాని నాటు రకాలు పూత పట్టవు. చెనిక్కాయ చేలోనో రాగి చేలోనో సాళ్ళుగా వేస్తారు; అసలు పంట ఇంటికి చేరాక ఇది మంచులో నిలబడి కాస్తుంది. అందుకే సంక్రాంతి కూర అయింది. పగటి నిడివితో పనిలేకుండా కాసే రకాలను బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసింది కాబట్టి, ఇప్పుడు వేసవిలోనూ కాయ దొరుకుతుంది. వాసన మాత్రం చలికాలపు కాయదే.

పుంగనూరు పక్క వాళ్ళ పల్లె చేరాక, ఆ రాత్రి ఇంట్లోవాళ్ళు కాయ ఒలిచి, గింజలు నీళ్ళలో పోశారు. తెల్లారేసరికి గింజ నాని, పొట్టు వదులై ఉంటుంది. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి ఒక కొసన నొక్కితే రెండో కొసనుంచి పప్పు చెంగున దూకాలి. పితికి తీస్తారు కనుక పితికిపప్పు. నా చేతిలో మొదటి పది గింజలు ముద్దయ్యాయి. మా ఆవిడ పెద్దమ్మ చూసి, "నువ్వు పిండుతుండావు నాయనా, పితకాల" అంది. తేడా పాలు తీసేవాళ్ళకు తెలుసు: బలం వేలి కొసలో కాదు, ఒత్తిడి జారే తీరులో ఉంది. అదే చేత్తో పెద్దమ్మ దొడ్లో పుంగనూరు ఆవు పాలు పితుకుతుంది, పని ముగిశాక ఈ పొట్టంతా దానికే వేస్తుంది. ఆ ఆవు నా నడుమెత్తు లేదు.

రెండు కిలోల కాయకు ముగ్గురం గంటన్నర కూర్చుంటే ఒక గిన్నెడు పప్పు తేలింది. రహదారి పక్క హోటళ్ళు రాయలసీమ రుచులని బోర్డు పెట్టి రంగు కలిపిన నాటుకోడి పెడతాయి గానీ, దీని జోలికి ఎందుకు రావో అప్పుడర్థమైంది. ఈ గంటన్నరకు కూలి కట్టే ధర ఏ హోటలూ వేయలేదు. ఇళ్ళలోనూ ఎవరూ వేయలేదు, ఆ పని ఆడవాళ్ళది కనుక.

పొట్టు తీయడం ఎందుకంటే, పొట్టున్న గింజ పులుసులో ఉడుకుతుంది తప్ప పులుసును తాగదు. పితికిన పప్పు తాగుతుంది. ఎండుమిర్చి, ధనియాలు, చెక్క, లవంగం, గసగసాలు, కొబ్బరి వేయించి, వెల్లుల్లి, ఉల్లితో నూరుతారు. నూనెలో ఉల్లి, టమాటా మగ్గాక ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయిస్తారు. పప్పు పోశాక గరిటె ఎక్కువ తిప్పకూడదు. ఆకారం చెడకుండానే వేలితో నొక్కితే వెన్నలా అణగాలి. చిక్కదనానికి ఒక గుప్పెడు పప్పు ముందే తీసి కొబ్బరితో కలిపి నూరుతారు. పిండి కలిపితే పెద్దమ్మ దృష్టిలో అది మోసం. పండగ మర్నాడు ఇందులోనే కోడి పడుతుంది.

దీనికి జోడు సంగటి. నూకలు నీళ్ళు మిగిలేలా మెత్తగా ఉడికించి, రాగిపిండి నడిమిన కుప్పగా పోస్తారు. వెంటనే కలిపితే ఉండలు కడుతుంది. కట్టెతో కుప్ప మధ్య ఒక బొక్క చేసి, మూతపెట్టి, మంట తగ్గిస్తే ఆవిరి ఆ బొక్కగుండా పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. ఆ తర్వాతే కెలకడం, అదీ భుజం బలంతో. తడిచేత్తో ముద్ద కడితే చేతికి అంటకూడదు. అంటితే పిండి ఉడకలేదని లెక్క. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉందని పోషకాహార పట్టికలు చెబుతాయి. నేను చెప్పగలిగింది, పొద్దున తిన్న ముద్ద సాయంత్రం దాకా అన్నం ఊసెత్తనివ్వలేదని.

పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళాం. దారిలో పలమనేరులోనే పుంగనూరు ఆవుల్ని కాపాడే పరిశోధన స్థానం ఉంది. రాష్ట్రానికి ఈ కొసన కర్ణాటక, తమిళనాడు రెండూ పొరుగిళ్ళే. ఇక్కడ ముద్దలో నూకలు లేవు, ఉత్త రాగిపిండి. కోలారు పద్ధతి. నమలకుండా పులుసులో ముంచి మింగాలి. నేను నమిలాను, పక్క బల్ల దగ్గరి పెద్దాయన నవ్వాడు.

పితికిపప్పు పేరు అటు కన్నడంలో హితకిద బేళె, ఇటు తమిళంలో పిదుక్కు పరుప్పు. మన పాలు కన్నడం వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి అయినట్టే మన పితుకు వాళ్ళకు హితకు. బాస్క్ వాళ్ళది రెండు దేశాల్లో ఒకే భాష. ఇక్కడ మూడు భాషల్లో ఒకే కూర. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఈ ఊళ్ళో పెట్టడానికి ఇంతకంటే పెద్ద కారణాలే ఉండి ఉంటాయి గానీ, నాకైతే ఈ గిన్నె చాలు.

బెంగళూరులో ఏటా అవరెకాయ, అంటే మన అనపకాయ, మేళా జరుగుతుంది; దోసెల నుంచి తీపి వంటకాల దాకా అన్నీ ఈ గింజతోనే. మన వైపు అలాంటిది నాకు కనబడలేదు. మదనపల్లెలో టమాటాకు ఇచ్చే చోటులో పదో వంతు ఇచ్చి, మూడు రోజులు అనపకాయకు పండగ చేయమని ఆ ఊరివాళ్ళను అడుగుతున్నాను. అంతదాకా ఆగలేనివాళ్ళు డిసెంబరు, జనవరుల్లో వెళ్ళండి, తెలిసినవాళ్ళ ఇంటికే వెళ్ళండి. ఫిబ్రవరి దాటితే నాటు కాయ ముదిరి, పొట్టు ఊడదు.