ఈగను తిన్న ఆకలి

వేదిక మీద సామాను ఏమీ ఉండదు. నల్ల స్వెట్టరు వేసుకున్న పొడుగాటి మనిషి ఒక్కడే వచ్చి, కాసేపు జనంతో పిచ్చాపాటీ మాట్లాడి, చూస్తుండగానే ఆకలితో నకనకలాడే పల్లెటూరి కూలీ అయిపోతాడు. ఆ కూలీ పేరు జాన్ని. ఆకలికి తాళలేక తన ఒళ్లు తానే తింటానంటాడు. కలలో పెద్ద వంటింట్లో దూరి సంకటి కెలుకుతాడు. మెలకువ వస్తే కడుపు ఖాళీ! అంతలో ఈగ ఒకటి వాలుతుంది. దాన్ని పట్టి, కాళ్లు పీకి, పెళ్లిభోజనం చేసినంత తృప్తిగా నములుతాడు. జనం పగలబడి నవ్వుతారు. కానీ వాళ్లు నవ్వుతున్నది ఆకలిని చూసి. ఇటలీ నాటకకర్త, నటుడు దారియో ఫో పనితనమంతా అక్కడే ఉంది.

1969లో మొదలైన ‘మిస్తెరో బుఫో’ అనే ప్రదర్శనలోది ఈ ఘట్టం. మధ్యయుగంలో సంతల్లో, కూడళ్లలో ప్రభువుల్నీ మతాధికారుల్నీ వెక్కిరించిన జుల్లారెలనే విదూషకుల ఆటకు ఫో మళ్లీ ప్రాణం పోశాడు. హరికథకుడిలా పాత్రలన్నీ తానొక్కడే. ఎనిమిదో బోనిఫేస్ పోప్ ముస్తాబయ్యే ఘట్టంలో బరువైన అంగీ, ఉంగరాలు ఏవీ ఉండవు. వంగిన నడుమే ఆ బరువు చూపిస్తుంది. ఎదురైన క్రీస్తు కూడా పోప్ తత్తరపాటులోనే కనిపిస్తాడు. భాష మరీ విచిత్రం. ఉత్తర ఇటలీ యాసల ముక్కలకు ఉత్తుత్తి ధ్వనులు కలిపిన ‘గ్రామెలో’. మాటలు తెలియకపోయినా సంగతి తెలిసిపోతుంది. 1977లో టీవీలో వచ్చినప్పుడు వాటికన్ మండిపడిందంటే, బాగానే తెలిసిందన్నమాట.

ఫో 1926లో మజ్జోరె సరస్సు దగ్గరి సంజానోలో పుట్టాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. చిన్నప్పుడు విన్న జాలరుల కథలే తన తొలి బడి అనేవాడు. 1954లో పెళ్లాడిన ఫ్రాంకా రామె ఊరూరా తిరిగే నాటక కుటుంబం పిల్ల. 1962లో భవన కార్మికుల భద్రత మీద రాసిన హాస్య ఘట్టానికి ప్రభుత్వ టీవీ కత్తెర వేయబోతే ఇద్దరూ కార్యక్రమం వదిలేసి బయటికొచ్చారు. నాటకాల్ని దిద్ది అచ్చుకు సిద్ధం చేసిన ఆమె వాటా తక్కువది కాదు. 1997 నోబెల్ మాత్రం ఆయన ఒక్కడికే వచ్చింది.

నవ్విస్తూనే నిజం చూపించే ఫో విద్యకు అసలు పరీక్ష పినెల్లి కేసు. 1969 డిసెంబరులో మిలాన్ బ్యాంకులో బాంబు పేలింది. అనుమానంతో పట్టుకెళ్లిన రైల్వే కార్మికుడు, అరాచకవాది జుసెప్పె పినెల్లి పోలీసు కార్యాలయం నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు. ఏడాది తిరిగేసరికి ‘ఒక అరాచకవాది ప్రమాద మరణం’ రంగమెక్కింది. అందులో ఒక పిచ్చివాడు జడ్జి వేషంలో వచ్చి, పోలీసులకు సాయం చేస్తున్నట్టే నటిస్తూ వాళ్ల కట్టుకథల్ని ఒకదానితో ఒకటి ఢీకొట్టిస్తాడు. బయట కేసు మలుపు తిరిగినప్పుడల్లా ఫో నాటకాన్ని మార్చేవాడు. ఆట అయ్యాక ప్రేక్షకులతో చర్చ పెట్టేవాడు.

1975లో న్యాయమూర్తి తేల్చింది ఇదీ: పినెల్లిది హత్యా కాదు, ఆత్మహత్యా కాదు, ఒంట్లో నలత చేసి, తూలి కిటికీలోంచి పడిపోయాడు.