రాలిపోయిన ఒక్క మాట

మైనారిటీ హక్కుల గురించి మేం ఎక్కడ నోరు విప్పినా ఒక ప్రశ్న ఎదురొస్తుంది. "మరి పాకిస్తాన్‌లో మైనారిటీల సంగతేమిటి?" హిందుత్వవాదులు అడిగితే దాని ఉద్దేశం మాకు తెలుసు. లౌకికవాద మిత్రులూ అడుగుతారు, కాస్త మర్యాదగా, సభ అయ్యాక టీ గ్లాసు చేతికిచ్చి మరీ అడుగుతారు. ఇన్నాళ్లూ మా జవాబు ఒకటే. మా తాతలు ఇక్కడి మట్టిలోనే ఉన్నారు, మేం ఇక్కడే పుట్టాం, ఆ దేశం లెక్క మమ్మల్నెందుకు అడుగుతారు? ఈ జవాబు న్యాయమైందే. కానీ చాలదు. అది బోనులో నిలబెట్టినవాడు చెప్పుకునే జవాబు. ఒకసారి బోను దిగి, ఆ ప్రశ్నను మాకు మేమే వేసుకుని చూడాలనుకున్నాం. మైనారిటీగా బతకడమంటే ఏమిటో తెలిసినవాళ్లుగా పాకిస్తాన్ రాజ్యాంగాన్ని చదవాలనుకున్నాం.

అందులో ఒక మాట కథ ఉంది. 1949 మార్చి 12న పాకిస్తాన్ రాజ్యాంగ సభ లక్ష్యాల తీర్మానాన్ని ఆమోదించింది. సార్వభౌమాధికారం అల్లాహ్‌దేనని చెబుతూనే, మైనారిటీలు తమ మతాన్ని 'స్వేచ్ఛగా' ఆచరించుకునే ఏర్పాటు ఉంటుందని ఆ తీర్మానం హామీ ఇచ్చింది. చాలాకాలం అది రాజ్యాంగ పీఠికలోనే ఉంది. 1985లో జియా ఉల్ హక్ ఒక ఉత్తర్వుతో దాన్ని రాజ్యాంగంలో అమలు కాదగ్గ భాగంగా మార్చాడు. అలా మార్చినప్పుడు అనుబంధంలో అచ్చయిన పాఠంలో 'స్వేచ్ఛగా' అన్న మాట లేదు. మైనారిటీలు మతాన్ని ఆచరించుకోవచ్చు, అంతే. 2010లో పద్దెనిమిదో సవరణతో గానీ ఆ మాట మళ్లీ చోటు సంపాదించలేదు. పాతికేళ్లపాటు ఒక దేశపు రాజ్యాంగంలో ఆ ఒక్క మాట ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఎంతమంది జీవితాలు చితికిపోయాయో చూడకుండా పాకిస్తాన్ గురించి మాట్లాడడం మాకు కుదరదు.

మొదట్లో ఇలా లేదు. 1947 ఆగస్టులో రాజ్యాంగ సభ తొలి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చున్నది జోగేంద్రనాథ్ మండల్. బెంగాల్ దళిత నాయకుడు, ఆ దేశపు తొలి న్యాయశాఖ మంత్రి. ఆగస్టు 11న జిన్నా అదే సభలో, గుడికి వెళ్లేవాళ్లు గుడికి, మసీదుకు వెళ్లేవాళ్లు మసీదుకు వెళ్లండి, ఎవరి మతం ఏదన్నది రాజ్యానికి సంబంధం లేని విషయమన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే లక్ష్యాల తీర్మానం వచ్చింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన హిందూ సభ్యులు మతాన్నీ రాజ్యాన్నీ కలపొద్దని మొత్తుకున్నారు. వాళ్ల సవరణలన్నీ వీగిపోయాయి. వాళ్లతో గొంతు కలిపిన ముస్లిం సభ్యుడు మియా ఇఫ్తిఖారుద్దీన్ ఒక్కడే. 1950లో మండల్ రాజీనామా చేసి భారతదేశానికి వచ్చేశాడు. దళితులూ ముస్లింలూ కలిసి నడవాలని రోజూ చెప్పుకునే మేం, ఆ కలయికను నమ్మి వెళ్లి తిరిగొచ్చిన ఈ మనిషిని మా చర్చల్లో ఒక్కసారన్నా తలుచుకున్నామా?

అయితే దీన్నిబట్టి "ముస్లింలకు ప్రజాస్వామ్యం అచ్చిరాదు" అని తేల్చేసే మిత్రులతో మాకు పేచీ ఉంది. రాజ్యాంగాన్ని ఎవరు చంపారో సంవత్సరాలవారీగా చూడండి. 1954 మార్చిలో తూర్పు బెంగాల్ ఓటర్లు ముస్లిం లీగ్‌ను చిత్తుగా ఓడించి యునైటెడ్ ఫ్రంట్‌ను గెలిపించారు. మేలో పాకిస్తాన్ అమెరికాతో సైనిక సహాయ ఒప్పందం కుదుర్చుకుంది. అదే మే నెలాఖరున గెలిచిన ఫజ్లుల్ హక్ ప్రభుత్వాన్ని కరాచీ రద్దు చేసింది. అక్టోబర్‌లో గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ రాజ్యాంగ సభనే రద్దు చేశాడు. సభాధ్యక్షుడు మౌల్వీ తమీజుద్దీన్ ఖాన్ కోర్టుకెక్కి సింధ్‌లో గెలిచాడు. 1955లో ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మునీర్, మిగతా న్యాయమూర్తులూ ఆ తీర్పును కొట్టేశారు. సభ పక్షాన అసమ్మతి తీర్పు రాసినవాడు ఒక్కడే, జస్టిస్ కార్నీలియస్. ఆయన క్రైస్తవుడు. గడ్డాన్నిబట్టీ టోపీనిబట్టీ ప్రజాస్వామ్యాన్ని కొలిచేవాళ్లు ఈ వరుసను ఏ లెక్కలో వేస్తారు? ప్రజల సభ కోసం కోర్టుకెళ్లింది ఒక మౌల్వీ. దాన్ని మూసేసింది సూటూబూటూ వేసుకున్న అధికారి.

తర్వాత కథలోనూ ఈ పాత్రలే. 1959 మొదట్లో సాధారణ ఎన్నికలు జరగాల్సి ఉండగా 1958 అక్టోబర్‌లోనే సైనిక పాలన వచ్చింది. 1970 ఎన్నికల్లో 313 స్థానాల్లో 167 గెలిచిన అవామీ లీగ్‌కు అధికారం బదులు 1971 మార్చి 25 రాత్రి తూటాలు దక్కాయి. అప్పుడు ఢాకాలోని అమెరికా దౌత్యాధికారులే తమ ప్రభుత్వ మౌనాన్ని ఖండిస్తూ తంతి పంపారు. కానీ చైనాకు దారి కావాల్సిన నిక్సన్‌కు యాహ్యాఖాన్ కావాలి, బెంగాలీలు అక్కర్లేదు. ఎన్నికైన ప్రధానిని 1979లో ఉరితీసిన జియాకు, అఫ్ఘనిస్తాన్ యుద్ధం పుణ్యమా అని, 1981లో రీగన్ ప్రభుత్వం 320 కోట్ల డాలర్ల సహాయం ఒప్పుకుంది. 'స్వేచ్ఛగా' అన్న మాట రాలిపోయింది ఈ జియా చేతుల్లోనే.

ఇక్కడితో ఆగితే మా పని సులువు. నేరమంతా అమెరికా మీదా సైన్యం మీదా వేసి చేతులు కడుక్కోవచ్చు. కానీ 1974 సెప్టెంబర్ 7 అడ్డొస్తుంది. ఆ రోజు అహ్మదీలు ముస్లింలు కారని రాజ్యాంగ సవరణ చేసింది సైన్యం కాదు. ప్రజలు ఎన్నుకున్న సభ, భుట్టో ప్రభుత్వం. ఒక మనిషి విశ్వాసం ఏమిటో చేతులెత్తి తేల్చారు. పదేళ్ల తర్వాత జియా ఆర్డినెన్స్ అహ్మదీలు తమ ప్రార్థనాస్థలాన్ని మసీదు అనడాన్నీ, అజాన్ ఇవ్వడాన్నీ నేరం చేసింది. 1992 డిసెంబర్ 6న మసీదు కూలితే ఏడ్చినవాళ్లం మేం. మసీదును మసీదు అని పిలిస్తేనే జైలుకు పోయేవాళ్ల గురించి మా పత్రికలు ఎన్ని పేజీలు రాశాయి? "అది ఉలేమాల విషయం, మనకెందుకు" అని తప్పుకున్న రోజులు మాకూ ఉన్నాయి. ఇక్కడ మెజారిటీవాదం అన్యాయమైతే అక్కడ కూడా అన్యాయమే. ఈ మాట అనలేనప్పుడు మా మైనారిటీవాదం వట్టి లెక్కల గొడవవుతుంది.

అక్కడ ఈ మాట అన్నవాళ్లు లేకపోలేదు. 1981లో పార్టీలు కలిసి ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమం కట్టాయి. 1983లో సింధ్ పల్లెలు తిరగబడి తూటాలకు ఎదురొడ్డాయి. ఆ ఏడాదే ఫిబ్రవరి 12న, స్త్రీ సాక్ష్యం విలువ తగ్గించే చట్టానికి వ్యతిరేకంగా లాహోర్ వీధిలోకొచ్చిన స్త్రీలు లాఠీ దెబ్బలు తిన్నారు. 2007లో ముషారఫ్ ప్రధాన న్యాయమూర్తిని తొలగిస్తే నల్లకోట్లు రెండేళ్లు రోడ్డు మీదే ఉండి 2009లో ఆయన్ని తిరిగి కుర్చీలో కూర్చోబెట్టాయి. దైవదూషణ చట్టాన్ని ప్రశ్నించినందుకు 2011లో గవర్నర్ సల్మాన్ తాసీర్, క్రైస్తవ మంత్రి షాబాజ్ భట్టీ రెండు నెలల తేడాలో హత్యకు గురయ్యారు. పాకిస్తాన్ అంటే తుపాకీ, గడ్డం తప్ప మరొకటి గుర్తురాని లౌకిక మిత్రులారా, రాజ్యాంగం కోసం ప్రాణాలిచ్చిన వీళ్లు మీ లెక్కలో ఏమవుతారు?

ఇక ఆ టీ గ్లాసు ప్రశ్నకు వద్దాం. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్ మైనారిటీల పేరు చెప్పుకునే వచ్చింది. హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు అందులో ఉన్నారు. వాళ్లకు ఆసరా దొరకడం మాకు సంతోషమే. మరి అహ్మదీ? పాకిస్తాన్ రాజ్యాంగం అతణ్ని ముస్లిం కాదంటుంది, కాబట్టి అక్కడ బతకనివ్వరు. మన చట్టం జాబితాలో అతనికి చోటు లేదు, ఇక్కడ అతను ముస్లిమే! మైనారిటీల మీద అంత జాలి ఉన్నవాళ్లకు ఈ ఒక్క మైనారిటీ ఎందుకు కనబడలేదు?

పాకిస్తాన్ మైనారిటీల సంగతేమిటని ఇకమీద ఎవరడిగినా మేం తల దించుకోం, తప్పించుకోం. కూర్చోండి, చెబుతామంటాం. మండల్ నుంచి మొదలుపెట్టి భట్టీ దాకా చెబుతాం. చెప్పాక మా ప్రశ్న ఒకటి అడుగుతాం. భారత రాజ్యాంగం ఇరవై అయిదో అధికరణంలో కూడా 'స్వేచ్ఛగా' అన్న ఆ మాటే ఉంది. మన పుస్తకంలోంచి దాన్నెవరూ తీసెయ్యలేదు. అద్దె ఇల్లు అడగబోయి పేరు చెప్పగానే తలుపు మూసుకున్నప్పుడు, శుక్రవారం నమాజుకు ఖాళీ జాగా దొరకనప్పుడు, ఆ మాట ఎక్కడికి పోతోందో మీరు చెప్పండి. రెండు దేశాల్లోనూ ఆ ఒక్క మాట కోసం కొట్లాడేవాళ్లం ఒకే పక్షం. మీరు ఆ పక్షానికి వస్తారా, లేక టీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోతారా?