విక్రయ దస్తావేజు గద్యం: ఇంటి అమ్మకంలో చెప్పినవి, చెప్పనివి

ప్రవేశిక

తెలుగు వచన చరిత్రను చెప్పుకునేటప్పుడు శాసనాల నుంచి కైఫియత్తులకు, అక్కడి నుంచి లేఖలకు, పత్రికలకు, నవలకు వస్తాం. ఈ దారిలో ఒక గద్యరూపం పక్కన ఉండిపోయింది. అక్షరం తెలిసిన ఇంట్లోనూ తెలియని ఇంట్లోనూ ట్రంకుపెట్టె అడుగున భద్రంగా ఉండే ఆ రూపం విక్రయ దస్తావేజు. న్యాయస్థానం దాన్ని సాక్ష్యంగా చదువుతుంది. చరిత్రకారులు ఆధారంగా చదువుతారు. సాహిత్య విమర్శ దాన్ని ఒక రచనగా చదివితే ఏమి తెలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో కలగలేదు. గోదావరి ప్రాంతంలోని మా తాతగారి మండువా ఇల్లు అమ్మినప్పుడు, తెలుగులో పరిశోధన చేస్తున్నదాన్ని కాబట్టి, చిత్తుప్రతిని అందరికీ వినబడేలా చదివే పని నాకు అప్పగించారు. చదవడం పూర్తయ్యాక నాయనమ్మ ఒకే మాట అడిగింది: “అంతా చదివావు కదా, మనిల్లు ఇందులో ఎక్కడుందే?” నేను చదివిన దానిలో స్థలం ఉంది, కొలతలు ఉన్నాయి, హద్దులున్నాయి, హక్కు ఉంది. ఆమె అడిగిన ఇల్లు మాత్రం లేదు. ఆమె ప్రశ్నను విమర్శ ప్రశ్నగా స్వీకరించి రాసిన వ్యాసమిది. దస్తావేజు గద్యానికి కనిపించే నిర్లిప్తత దానికి సహజంగా వచ్చింది కాదనీ, బేరాన్నీ కుటుంబాన్నీ తొలగించడం ద్వారా నిర్మించుకున్నదనీ, ఆ తొలగింపు భారం అందరిమీదా సమానంగా పడలేదనీ నా ప్రతిపాదన.

వాక్యం, కర్త

దస్తావేజులోని ప్రధాన భాగం తరచుగా ఒకే దీర్ఘవాక్యం. ‘విక్రయించి’, ‘పుచ్చుకొని’, ‘స్వాధీనపరచి’ వంటి క్త్వార్థక క్రియలు వరుసగా సాగి, చివర ఒక్క సమాపక క్రియ దగ్గర ఆగుతాయి. క్త్వార్థకానికి సాధారణంగా ఏకకర్తృకత్వం ఉండాలన్నది మన వ్యాకరణం చెప్పే నియమం. ఈ నియమం దస్తావేజులో ఒక సామాజిక కార్యాన్ని నిర్వహిస్తుంది. ఇల్లు అమ్ముదామన్నవారు, వద్దన్నవారు, తమకేమీ అక్కరలేదన్నవారు, తమను ఎవరూ అడగలేదన్నవారు అందరూ ‘మేము’ అనే ఒకే కర్తగా మారతారు. వారి మధ్య నెలల తరబడి నడిచిన వాదన ఆ వాక్యంలో చొరబడడానికి వ్యాకరణమే చోటు ఇవ్వదు.

‘మేము’ అన్న సర్వనామాన్ని కూడా గమనించాలి. తెలుగులో ఉత్తమపురుష బహువచనం రెండు విధాలు: వినేవారిని కలుపుకునే ‘మనము’, వదిలివేసే ‘మేము’. నాయనమ్మ అన్నది ‘మనిల్లు’. దస్తావేజు అన్నది ‘మాకు చెందిన స్థిరాస్తి’. ఎదుట ‘మీరు’ అనే కొనుగోలుదారు నిలబడిన తరువాతే ‘మన’ అనేది ‘మా’ అవుతుంది. ఇంటి యాజమాన్యం చేతులు మారడానికి ముందే సర్వనామం మారిపోయింది.

పదజాలంలోనూ ఇటువంటి దూరమే కనిపిస్తుంది. దస్తావేజు పారశీక పదం. హక్కు, హద్దు, వసూలు, ఖరారు అరబీ మూలాల నుంచి వచ్చినవి. విక్రయం, ప్రతిఫలం సంస్కృతం. షెడ్యూలు, రిజిస్ట్రేషను ఇంగ్లీషు. ఈ నేలను ఏలిన పాలనలన్నీ ఈ కాగితంలో ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. దూలం, అరుగు, నుయ్యి, గాదె వంటి అచ్చతెలుగు మాటలకు దక్కే చోటు స్వల్పం. దక్కినా అది షెడ్యూలులోనే.

శాసన వారసత్వం

మా చిత్తుప్రతిలో నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలతో సహా ఇల్లు అమ్మినట్లు ఉంది. భూదాన శాసనాలు చదివినవారికి ఇది పరిచితమైన పదావళి. విజయనగర కాలపు తామ్రశాసనాల్లో గ్రామాన్ని దానమిచ్చేటప్పుడు ఈ ఎనిమిది భోగాలనూ చెప్పడం పరిపాటి. పూడిన నిధి, దాచిన నిక్షేపం, నీరు, రాయి, ఇప్పుడున్న ఫలం, రాబోయే ఫలం, సిద్ధించినది, సాధించుకోదగినది — ఇలా ఒక ఊరికి సరిపోయే మాటలు పది సెంట్లు, అంటే 484 చదరపు గజాల ఇంటిస్థలానికి ఇప్పటికీ వాడుతున్నాం.

దీన్ని కేవలం అలవాటుగా కొట్టిపారేయలేం. మాటలు అవే అయినా వాటి ప్రయోజనం తలకిందులైంది. దానశాసనంలో ఈ జాబితా దాత ఔదార్యాన్ని చాటుతుంది. విక్రయ దస్తావేజులో అదే జాబితా కొనేవారి భద్రతను కాపాడుతుంది. శాసనం చివర దానాన్ని హరించినవారికి శాపోక్తి ఉంటుంది. దస్తావేజు చివర, తగాదా ఏదైనా వస్తే అమ్మినవారే సొంత ఖర్చుతో పరిష్కరించి నష్టం భర్తీ చేస్తారన్న హామీ ఉంటుంది. శాపం ఉన్న చోటికి నష్టపరిహారం వచ్చింది. ఒకటి పరలోకభయాన్ని, మరొకటి న్యాయస్థానభయాన్ని ఆశ్రయించినా, రెండు రచనలూ రేపటి మనిషిని నమ్మడం లేదు.

బేరం: నమోదుకాని పాఠం

దస్తావేజుకు ముందు మరొక పాఠం ఉంది. అది మౌఖికం, అనేక కర్తృకం, పూర్తిగా సంభాషణారూపం. మా అరుగు మీద అది దాదాపు నాలుగు నెలలు నడిచింది. కొనేవారి వాదన ఎప్పుడూ తగ్గింపుతో మొదలైంది: “ఇల్లు మాకక్కర్లేదండీ, స్థలానికే వస్తున్నాం.” ఆ మాటతో మండువా, వసారా, గాదె అన్నీ విలువ లేనివయ్యాయి. మరుసటి రోజు అదే ఇంటి టేకు దూలాలకూ సింహద్వారానికీ కలపగా విడిగా ధర కట్టారు. ఇల్లుగా చూస్తే ఏమీ చేయనిది విప్పి చూస్తే చాలా చేసింది. తరువాత వీధిపోటు గురించి, ఈశాన్యం మూల గురించి, లింకు డాక్యుమెంట్ల గురించి అభ్యంతరాలు వచ్చాయి. అమ్మేవారి వైపు అలంకారం దీనికి భిన్నం. “మీకు తెలియని ధరేముందండీ, మీరే చెప్పండి” అని నాన్న అనేవారు. ముందుగా అంకె పలికినవారు ఓడిపోయినట్టేనని ఇరుపక్షాలకూ తెలుసు. అందుకే ధర ఎప్పుడూ ‘మొన్నెవరో అడిగి వెళ్లారు’ అన్న పరోక్షకథనంలోనే వినిపించేది.

ఈ పాఠం మొత్తం దస్తావేజులో ఒక్క అంకెగా మిగులుతుంది. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. దాని పేరు ప్రతిఫలం. అరుగు మీద కుదిరిన మొత్తమూ కాగితం మీద పడే మొత్తమూ వేరుకావడం లోకంలో తెలియనిది కాదు. అటువంటి చోట ఆ అంకె కూడా కల్పనే అవుతుంది. మాటకు చట్టంలో ఉన్న స్థానం కూడా పరిమితమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం అమ్మకపు ఒప్పందం తనంతట తానుగా ఆస్తిలో హక్కు కల్పించదు. వంద రూపాయలూ ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరైన పత్రం ఉండాలి. ‘మాట ఇచ్చాం’ అన్న వాక్యానికి ఊళ్లో ఉన్న బరువు కచేరీలో ఉండదు.

కుటుంబ అవసరాల నిమిత్తం

అమ్మకానికి కారణంగా దస్తావేజు సాధారణంగా చెప్పేది ఒక్క పదబంధమే: ‘మా కుటుంబ అవసరాల నిమిత్తం’. దీనికి న్యాయచరిత్ర ఉంది. కుటుంబాన్ని నిర్వహించే వ్యక్తి ఉమ్మడి ఆస్తిని పరాధీనం చేయడానికి న్యాయమైన అవసరం ఉండాలన్న సూత్రం 1856లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన హనుమాన్ ప్రసాద్ పాండే తీర్పుతో స్థిరపడింది. అందువల్ల కారణం చెప్పడం కొనేవారికి రక్షణ. క్రమంగా అది అవసరం ఉన్న చోటా లేని చోటా వాడే సూత్రవాక్యమైంది. వైద్యం, అప్పు, పెళ్లి, వలస, అన్నదమ్ముల పంపకం — ఏ కథైనా ఈ మూడు మాటల్లో ఒదిగిపోతుంది.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ను ఈ దృష్టితో మళ్లీ చదవవచ్చు. 1966లో అచ్చయిన ఈ కథలో ప్రధాన భాగం పంచాయితీ. గోపన్నకు అప్పల్రాముడు పడిన బాకీ ఎలా తీరాలన్నది వివాదం. భూమి వదులుకొని కాగితం రాయడం దాని పరిష్కారం. అప్పు ఎలా పెరిగింది, ఊరు ఎలా మారింది, న్యాయం ఎవరి నోట ఎలా ధ్వనించింది అన్నవి కథలో విస్తారంగా ఉన్నాయి. అంటే దస్తావేజు ఎక్కడ మొదలవుతుందో అక్కడి వరకు కథ నడిచింది. రాయబోయే కాగితంలో ఒక్క పదబంధంగా మిగిలే అవసరాన్ని కథకుడు పూర్తి రచనగా విప్పాడు. సీతారాముడి చివరి చర్యలోని బీభత్సం ఆ కాగితం మింగబోయే భవిష్యత్తును చూపిస్తుంది. అక్కడ పోయేది భూమి, మా విషయంలో ఇల్లు. రెంటి తీవ్రత ఒకటి కాదు. కాని కాగితం వెనుక మిగిలిపోయే మాటలను చదవవలసిన పద్ధతి ఒకటే.

సంతకం, గొంతు

మా తాతగారు ఆ ఇల్లు కొన్న నాటి దస్తావేజులో ఉన్న పేర్లన్నీ మగవారివే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతుళ్లకు వాటా ఇచ్చింది. కాని అదే చట్టం 23వ సెక్షను, కుటుంబసభ్యులు పూర్తిగా నివసిస్తున్న ఇంటి విషయంలో, మగ వారసులు పంచుకోదలచే వరకు విభాగం కోరే హక్కును ఆడవారికి ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమభాగం కల్పించినా, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించింది. 2005 కేంద్ర సవరణ 23వ సెక్షనును తొలగించింది.

ఆ మార్పు ఫలితం మా చిత్తుప్రతిలో కనిపించింది. మా అత్తయ్య పేరు అమ్మేవారి జాబితాలో ఉంది. కొనేవారే ఆడపడుచుల సంతకాలు ఉండాలని పట్టుబట్టారు. అయితే బేరం జరిగిన నాలుగు నెలల్లో అత్తయ్యను ధర గురించి ఎవరూ అడగలేదు. అడగనివారిలో నేనూ ఉన్నాను. ఆమె పుట్టిన ఇంటి కాగితంలో ఆమె పేరు మొదటిసారి కనిపించింది ఆ ఇల్లు చేజారే రోజునే. చట్టం ఆమెకు సంతకం తెచ్చింది, అరుగు మీద గొంతు తేలేదు. ‘మేమందరం సమ్మతించి’ అన్న క్త్వార్థకం ఈ తేడాను కనబడనివ్వదు. దస్తావేజు గద్యం సమానత్వాన్ని ప్రకటిస్తూనే అసమానతను దాచగలదనడానికి నాకు తెలిసిన దగ్గరి ఉదాహరణ ఇదే.

ముగింపు

ఈ మౌనాన్ని దోషంగా మాత్రమే చూడడం న్యాయం కాదు. రిజిస్టరైన దస్తావేజు బహిరంగపత్రం. అన్నదమ్ములు ఏమనుకున్నారో, ఎవరు కన్నీరు పెట్టుకున్నారో అందులో లేకపోవడం ఒక మర్యాద కూడా. నాయనమ్మ అడిగిన ఇల్లు రిజిస్ట్రారు కార్యాలయపు నకలులో ఉండాలని నేను కోరను. ఆ మర్యాద వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరి మాట పోయింది అని అడగడం మాత్రం విమర్శ బాధ్యత. అందుకు పాత దస్తావేజులను కుటుంబాల అనుమతితో సేకరించి, వాటి వెనుక జరిగిన బేరాల జ్ఞాపకాలను వాటితోపాటే నమోదు చేసి, వచనచరిత్ర పాఠాల్లో శాసనాల తరువాత, కథల పక్కన చదవవలసి ఉంది.

దస్తావేజులోని హద్దుల పద్ధతి ఒక విషయం గుర్తుచేస్తుంది. హద్దులను చాలాసార్లు పాత కాగితం నుంచి యథాతథంగా ఎక్కిస్తారు. మా తూర్పింటివారి కాగితంలో ‘పడమర’ అన్న చోట ఇప్పటికీ తాతగారి పేరే ఉంది. నాయనమ్మ ప్రశ్నకు కాగితాల్లో నాకు దొరికిన జవాబు అంతవరకే: మన ఇల్లు మన దస్తావేజులో లేదు, పొరుగువారి హద్దులో ఉంది.