భంగిమకూ భంగిమకూ మధ్య

లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద రంభ ఆడుతుంది, బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, మూడు కాళ్ల భృంగి నాట్యం నేర్పుతాడు. పదహారో శతాబ్దంలో, పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ కట్టించిన ఆ గుడిని చూసినవాళ్లు నాట్యశాస్త్రమంతా అక్కడే ఉందంటారు. కానీ శిల్పంలో నిలిచింది ఒక్క క్షణమే. ఆ నిలుపుకు ముందు రంభ ఏ పాదం మీద బరువు మోపిందో, తర్వాత చూపు ఎటు తిప్పిందో రాయి చెప్పదు. నాట్యంలో కష్టమంతా భంగిమకూ భంగిమకూ మధ్య జరిగే ఆ పనిలోనే ఉంది. దాన్ని గురువు శిష్యుడి ఒంటికి అందిస్తాడు. ఆ గురువు పోయాక కూడా, ఆయన ఇంటివాళ్లు కానివాళ్లకు కూడా అందించాలంటే బడి కావాలి. కూచిపూడి ఈనాడు ఇంతమందికి అందుతున్నదంటే అలాంటి బడి ఏర్పడినందువల్లనే.

ఈ సంగతిని రష్యావాళ్లు ముందే గ్రహించారు. బాలే వాళ్ల గడ్డ మీద పుట్టలేదు. 1738లో ఫ్రెంచి నాట్యాచార్యుడు లాండే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రాజాస్థానం అండతో బడి పెట్టాడు. తర్వాతి కాలంలో అదే బడిలో అగ్రిప్పినా వగనోవా ఫ్రెంచి సొగసునూ ఇటలీ దారుఢ్యాన్నీ కలిపి ఒక బోధనా క్రమం తయారుచేసి, 1934లో పుస్తకంగా అచ్చువేసింది. ఆ పద్ధతిలో కాలు ఒక్కటే కదలడమంటూ ఉండదు. వెన్ను, భుజం, తల, చూపు దానితో కలిసి రావాలి. ఒకే కదలికను మొదట కమ్మీ పట్టుకుని నెమ్మదిగా, తర్వాత ఆధారం లేకుండా, ఆపైన గాలిలోకి ఎగురుతూ చేయిస్తారు. ఏ ఏడు ఏది నేర్పాలో ముందే నిర్ణయమై ఉంటుంది.

మన దగ్గర ఆ పని చేసినవారు వెంపటి చినసత్యం. అంతకు ముందు కూచిపూడి కొన్ని భాగవతుల కుటుంబాల మగవాళ్ల విద్య. కుర్రవాడు మేళంతో తిరుగుతూ, వేషం కడుతూ నేర్చుకునేవాడు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టి తలుపు తీశారు. ఆయన శిష్యుడైన చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, అడవులను, అంటే నాట్యంలోని మూల కదలికలను, ఒక వరుసలో పెట్టారు. అరమండిలో మోకాళ్లు పక్కలకు విచ్చుకోవాలి, వెన్ను నిటారుగా నిలవాలి, పాదం గట్టిగా తట్టినా పై ఒళ్లు కదలకూడదు. ఒకే అడవును మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, ఆడించడం ఎందుకంటే, వేగంలో దాగిపోయే తప్పు విలంబంలో బయటపడుతుంది. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు తాళం వేస్తుంటే ముఖం యశోద వాత్సల్యాన్ని పలకగలగడానికి ఈ సాధనే మూలం. అందుకే భాగవతుల ఇంట పుట్టని ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకోగలిగారు.

బడి అందరినీ ఒకే అచ్చులో పోస్తుందని కొందరి అభ్యంతరం. కానీ బాలే నర్తకులు నురేయెవ్, బరిష్నికోవ్ ఇద్దరూ లెనిన్‌గ్రాడ్‌లో (నాటి సెయింట్ పీటర్స్‌బర్గ్ పేరు) అదే బడిలో అలెగ్జాండర్ పుష్కిన్ అనే ఒకే గురువు చేతిలో తయారయ్యారు. ఒకరిది ఉఫా, మరొకరిది రీగా. ఒకరి ఆట చూసి మరొకరిదని ఎవరూ పొరబడరు. పునాది ఒకటైనంత మాత్రాన మనిషి ఒకటైపోడు. వ్యాకరణం నేర్చిన కవులంతా ఒకేలా రాస్తున్నారా?

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని ఒప్పుకోవాలి. వేదిక మీద ఒంటరి నర్తకి ముందుకొచ్చాక వాచికం, అంటే నోటి మాట, వెనక్కి పోయింది. వేదాంతం సత్యనారాయణశర్మ భామాకలాపంలో సత్యభామ వేషంలో మాట విరుపుతోనే సగం పాత్రను నిలబెట్టేవారు. ఈనాడు చాలామంది పిల్లలకు సంభాషణ పలకడమే రాదు. అయితే ఇది బడి ఉన్నందువల్ల వచ్చిన నష్టం కాదు, బడి ఏది నేర్పాలో ఎంచుకున్న తీరువల్ల వచ్చింది. కుటుంబానికే పరిమితమైన విద్యకు అంతకన్నా పెద్ద ప్రమాదముంది. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ తోలుబొమ్మలాట ఇళ్లలో ఇప్పుడు ఆట కంటే దీపపు బుట్టల తయారీయే ఎక్కువ. బొమ్మ చెక్కే చెయ్యి ఉంది, రాత్రంతా పాడి ఆడించే గొంతును తయారుచేసే బడి లేదు.

అందుకే కదిరిలోనో హిందూపురంలోనో పిల్లను నాట్యానికి పంపే తల్లిదండ్రులు అరంగేట్రం ఎప్పుడని అడగడం మానాలి. పిల్ల మొదటి కాలంలో అడవును తడబడకుండా ఆడుతోందా, భామాకలాపంలో నాలుగు మాటలు గొంతెత్తి పలకగలదా అని గురువును అడగాలి.