రొద ఎక్కడిదో తెలిసినవాళ్లు

మస్కట్‌లో అజైబా మీది ఆకాశం ఏడాదిలో చాలా రోజులు నిర్మలంగానే ఉంటుంది. అయినా టెరాహెర్ట్జ్ తరంగాలకు అక్కడ దారి లేదు, తీరం మీది తేమ వాటిని మింగేస్తుంది. పోనీ రేడియో తరంగాలు పట్టుకుందామంటే పక్కనే విమానాశ్రయం, చుట్టూ సెల్ టవర్లు. నక్షత్రాల నుంచి వచ్చే సంకేతానికి ఈ రొదలో ఉనికే ఉండదు. రేడియో, టెరాహెర్ట్జ్ పరికరాలు తయారుచేసేవాళ్లను సామాను సమకూర్చే మేస్త్రీలుగా చూడటం మనకు అలవాటు. కానీ రొద ఎక్కడ పుడుతోందో పట్టుకోవడమే రేడియో ఖగోళశాస్త్రంలో సగం పని. 1930ల మొదట్లో బెల్ ప్రయోగశాలల్లో కార్ల్ జాన్‌స్కీ వెతికింది రేడియో టెలిఫోనును చెడగొట్టే గరగరకు మూలం. అతనికి దొరికింది పాలపుంత.

టెరాహెర్ట్జ్ అంటే సెకనుకు లక్ష కోట్ల కంపనాలు. అంత వేగంలో సంకేతాన్ని నేరుగా పెంచడం దాదాపు అసాధ్యం. అందుకని దాదాపు అదే వేగంతో కంపించే తరంగాన్ని పరికరంలోనే పుట్టించి, వచ్చిన సంకేతంతో కలుపుతారు. శ్రుతి కాస్త తప్పిన రెండు తంబురా తీగలు కలిసి మోగితే నెమ్మదిగా ఊగే మూడో నాదం వినిపిస్తుందే, అలాంటి తేడానే ఇక్కడా పట్టుకుని పెంచుతారు. కలిపే చోట ఉండేది పలుచని అతివాహక పొర. దాన్ని సుమారు 4 కెల్విన్‌కు, అంటే మైనస్ 269 డిగ్రీలకు, చల్లబరచాలి. లేకపోతే అది పనే చేయదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇన్ని చేస్తుండగా ఇంత తంటా ఎందుకని అడగవచ్చు. హీలియం హైడ్రైడ్ అయాన్ కథే దానికి జవాబు. ప్రయోగశాలలో 1925లోనే తెలిసిన ఈ అణువును అంతరిక్షంలో పట్టుకోవడానికి దశాబ్దాలు పట్టింది. దాని వర్ణపట రేఖ పక్కనే మరో అణువు రేఖ ఉంది, పాత వర్ణపటమాపకాలు రెంటినీ విడదీయలేకపోయాయి. పరికరం నమోదు చేయని తేడాను ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు. చివరికి గాలిలోని తేమను దాదాపు దాటి ఎగిరే, టెలిస్కోపు మోసే సోఫియా విమానంలో, గ్రేట్ అనే గ్రాహకం 2016లో దాన్ని ఎన్‌జీసీ 7027 నెబ్యులాలో పట్టుకుంది. ఫలితం 2019లో వెలువడింది.

ఇదంతా డబ్బున్న దేశాల ఆట అనే మాటలో కొంత నిజముంది. ఖర్చుకు తగ్గ ఫలితం లేదనే సోఫియాను 2022లో ఆపేశారు. అయితే మన హిందూపురానికి చేరువలో, కర్ణాటక వైపు ఉన్న గౌరీబిదనూరు దీనికి ఇంకో కొస. అక్కడ 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేలా 1,000 తీగ డైపోల్ యాంటెన్నాలను టీ ఆకారంలో నిలిపారు. ఆ పౌనఃపున్యంలో పాలపుంతే వేల కెల్విన్‌ల రొద చేస్తుంది, ఆంప్లిఫయర్ సొంత రొద దాని ముందు లెక్కలోకి రాదు. కాబట్టి అతిశీతల యంత్రాల అవసరం లేదు. నైపుణ్యమంతా వెయ్యి డైపోల్‌ల సంకేతాలను అడుగు తప్పకుండా కలపడంలో ఉంది. తరంగం పొడవే దాదాపు 8.7 మీటర్లు కనుక కేబుల్‌లో మీటరు తేడా వచ్చినా లెక్క చెడుతుంది. ఆ తీగలతోనే ద్వారకానాథ్, ఉదయశంకర్ తయారుచేసిన ఆకాశపటం 1990లో అచ్చయింది.