పాత లాప్‌టాప్‌కి ఇంకా ఆయుష్షుంది

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరానిదై ఉండాలి. మా నౌపడ, టెక్కలి ఇళ్లల్లో పిల్లల చదువుకని కొన్న లాప్‌టాప్‌లలో అంతకంటే పాతవి నాకు చాలానే కనిపిస్తాయి. ఉప్పు మడుల గాలికి తుప్పు పట్టకుండా సైకిల్‌ని కూడా తుడిచి దాచుకునే మనుషులం, స్క్రీనూ కీబోర్డూ నిక్షేపంగా ఉన్న లాప్‌టాప్‌ని తూకానికి వేసేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నా పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. 4 జీబీ ర్యామ్‌తో రోజువారీ పని సాగిపోతుంది. 2021 జనవరిలో వచ్చిన మింట్ 20.1 నుంచి అందులో 'వెబ్ యాప్స్' అనే చిన్న సదుపాయం ఉంది. పేరు, వెబ్‌సైట్ అడ్రసు, ఓ ఐకాన్ ఇస్తే మెనూలో కొత్త యాప్ చేరుతుంది. నొక్కితే ట్యాబులూ అడ్రస్ బారూ లేకుండా సొంత విండోలో తెరుచుకుంటుంది.

ఈ కాలమ్ రాస్తున్నది అలా పెట్టుకున్న లేఖినిలోనే. వీవెన్ చేసిన ఈ లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. దాని వెనకున్న ఆర్‌టీఎస్ పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. మార్పిడి అంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది కనక, పేజీ ఒకసారి తెరుచుకున్నాక నెట్ పోయినా రాత ఆగదు. తుపానొస్తే సిగ్నల్ పోయే ఈ తీరంలో అది చిన్న సౌకర్యం కాదు. రాత మీద మనసు నిలవడానికి పనులు గుర్తుచేసే యాప్‌లు, టైమర్లు చాలా వాడి చూశాను. పక్కన ఇంకో ట్యాబ్ కనిపించకపోవడం చేసినంత మేలు అవేవీ చెయ్యలేదు.

"ఇందులో గేమ్ ఆడతాదేటి చిన్నాన్నా?" అంటాడు మా అన్నయ్య కొడుకు. ఆడుతుంది. 2018 ఆగస్టులో వాల్వ్ సంస్థ, విండోస్ గేమ్‌లను లినక్స్‌లో ఆడించే ప్రోటాన్ తెచ్చింది. విండోస్ గేమ్ బొమ్మలు గీయమని డైరెక్ట్‌ఎక్స్‌ని అడుగుతుంది. ప్రోటాన్‌లోని డీఎక్స్‌వీకే ఆ ఆదేశాల్ని అప్పటికప్పుడు, లినక్స్‌లో పనిచేసే గ్రాఫిక్స్ పద్ధతైన వల్కన్‌లోకి మార్చేస్తుంది. మిగతా విండోస్ పనులు వైన్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. ఆ వైన్ 1993 నుంచి ఎందరో ప్రోగ్రామర్లు ఓపిగ్గా పెంచుకొచ్చిన పని. నాకు వాళ్లంటే చెప్పలేనంత గౌరవం. 2022లో వచ్చిన వాల్వ్ వారి చేతి గేమ్ యంత్రం స్టీమ్ డెక్ నడిచేది లినక్స్ మీదే. ఆటలో మోసాన్ని పట్టే యాంటీ చీట్ అడ్డం వల్ల వాలరెంట్, ఫోర్ట్‌నైట్ మాత్రం ఆడవు. మరీ పాత గ్రాఫిక్స్ చిప్‌లకు వల్కన్ ఉండదు. నా లాప్‌టాప్ సంగతీ అంతే, అందుకే మావాడు సూపర్‌టక్స్‌కార్ట్‌లో కార్లు తోలుతున్నాడు, సంతోషంగానే.

పాత లాప్‌టాప్‌ని తూకానికి వేసే ముందు ఓ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, దాని నుంచే ఆన్ చేసి చూడండి. మీరు ఇన్‌స్టాల్ నొక్కనంతవరకూ లోపల ఉన్న విండోస్ అలాగే ఉంటుంది. వైఫై, సౌండు, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోండి. నచ్చితే ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు వేరేచోట కాపీ చేసుకుని, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ చెయ్యండి.