ఎండ పార్టీ, వాన పార్టీ

పార్కులో మా బెంచీ సంగతి ఈ కాలమ్ పాఠకులకి కొత్త కాదు. రాజకీయాలు అక్కడ నిషిద్ధం. మోకాళ్ళ నొప్పులకి రెండు నిమిషాలే అనుమతి. మిగిలిన పొద్దంతా ఆకాశానిదే. ఈ సోమవారం సాయంత్రం హైదరాబాదులో సగం పేటలకి గాలివాన కొట్టింది, మిగతా సగానికి దుమ్ము దక్కింది. మంగళవారం పొద్దున్నే బెంచీ మీద యుద్ధం మొదలైంది. ఇది రాసే వేళకి ఇంకా తెగలేదు.

వాన పార్టీకి నాయకుడు ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు. డాబా మీద సొంతంగా వాతావరణ కేంద్రం పెట్టుకున్నాడు. గాలి దిక్కు, తేమ, చినుకు అన్నీ అతని ఫోన్లో కనబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉరిమి కురిసే వానంటే ప్రాణం. "జూలై ముసురు ఎవరిక్కావాలి అంకుల్? మూడింటికి మబ్బు పుట్టాలి, ఐదింటికి ఊరు కడిగెయ్యాలి, ఏడింటికి చుక్కలు కనబడాలి" అంటాడు.

ఎండ పార్టీ పల్నాడు మాస్టారిది. రిటైరై కొడుకు దగ్గరికి వచ్చేసినా, ఊళ్ళో మిరప చేను అలాగే ఉంది. "వేసవిలో ఎండే కాయాలి బాబూ. రోహిణిలో రోళ్ళు పగిలితేనే మృగశిరలో వాన దిగేది. మధ్యలో ఈ చిల్లర వానలు పడ్డాయా, నేల చల్లారిపోయి అసలు వాన ఎగ్గొడుతుంది" అని ఆయన సిద్ధాంతం.

వాదించి వాదించి ఇద్దరూ నా వైపు తిరిగారు. "ఇంతకీ మీదే పార్టీ?"

ఒళ్ళు మండింది. అనంతపురం జిల్లాలో పుట్టినవాణ్ణి పట్టుకుని ఏ వాన ఇష్టమని అడుగుతారా! ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే 'సాధారణం' అని రాసుకునే నేల మాది. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని అటువైపే పిండేసి పంపిస్తాయి. ఈశాన్యపు వాన తీరంలోనే చాలావరకు కురిసేసి మా దాకా కొసరు తెస్తుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత మాదేనని చిన్నప్పుడు బళ్ళో గర్వంగా చెప్పుకునేవాళ్ళం, అదేదో రెండో ర్యాంకు అయినట్టు. ఆకాశమేమన్నా హోటల్లో మెనూ కార్డా, ఇది కావాలి అది వద్దు అని వేలు పెట్టి చూపించడానికి?

ఆ కోపంతోనే ముందు మాస్టారి సిద్ధాంతం మీద పడ్డాను. అది ఊరికే పుట్టిన మాట కాదు. వేసవిలో రాజస్థాన్, పాకిస్థాన్ ఎడారులు కాగి అక్కడ పీడనం తగ్గుతుంది, అది సముద్రపు గాలిని లాగుతుంది. బళ్ళో అందరం చదువుకున్నదే. కానీ ఎంత కాగితే అంత కురుస్తుందన్న లెక్క మాత్రం కుదరదు. 2002 మేలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకి వెయ్యిమందికి పైగా పోయారు. ఆ ఏడు నైరుతి దేశం మొత్తం మీద 19 శాతం తక్కువ, ఒక్క జూలై తీసుకుంటే దాదాపు సగం లోటు. 2003లో మళ్ళీ అలాంటి ఎండలే, మళ్ళీ వెయ్యికి పైగా ప్రాణాలు. వాన మాత్రం మామూలుగానే కురిసింది. 2015 మేలో దేశంలో రెండు వేలమందికి పైగా వడదెబ్బకి పోతే, అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్ళే. ఆ ఏడు వాన 14 శాతం లోటు. 2002లోనూ 2015లోనూ పసిఫిక్ మహాసముద్రంలో ఎల్ నినో ఉంది. మన రోళ్ళు పగిలాయో లేదో దానికి పట్టదు.

ఇక 2025 సంగతి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశంలో అంత వాన పడిన మే నెల ఇంకోటి లేదు. నైరుతి మే 24నే కేరళ తాకింది. రోహిణి కార్తె మొదలైన రెండు మూడు రోజులకే తెలుగు నేల మీదికి వచ్చేసింది. రోలు పగలడం అటుంచి, నిండింది. నేల చల్లారినందుకు అసలు వాన ఎగ్గొట్టిందా అంటే, సీజన్ అయ్యేసరికి దేశానికి 8 శాతం ఎక్కువే పడింది.

మాస్టారు శ్రద్ధగా విన్నారు. "మా పల్నాటి రోళ్ళ సంగతి మీ లెక్కల్లోకి రాదులెండి" అన్నారు.

కుర్రాడు నవ్వుతున్నాడు కదా, అతన్నీ వదల్లేదు. అతను ప్రేమించే వేసవి వాన ఎలా పుడుతుంది? బంగాళాఖాతం మీంచి తేమగాలి, వాయవ్యం నుంచి పొడిగాలి వచ్చి విదర్భ నుంచి తమిళనాడు దాకా సాగే ద్రోణి దగ్గర కలుసుకుంటాయి. మధ్యాహ్నం దాకా నేల కాగితే ఆ తేమ నిలువుగా పైకి లేచి క్యుములోనింబస్ మేఘం అవుతుంది. పొద్దున్నుంచీ ఎండ కాయకపోతే సాయంత్రం ఉరుమే లేదు. అంటే వాన పార్టీ బతికేది ఎండ పార్టీ పెట్టుబడితోనే. పైగా అతని సెన్సారు పిట్టగోడకి బిగించి ఉంది. అది చూపించే 47 డిగ్రీలు గాలివి కావు, గోడవి. ఇక్కడ నా పాత గోల ఒకటి మళ్ళీ ఎత్తుకుంటాను, పాఠకులు మన్నించాలి. ఎండలో పెట్టిన థర్మామీటర్ తన వేడి తాను చెప్పుకుంటుంది. గాలి వేడి కొలవాలంటే నీడ కావాలి, గాలి ఆడాలి, నేలకి నాలుగడుగుల పైన ఉండాలి. అందుకే వాతావరణ కేంద్రాల్లో తెల్లరంగు వేసిన, రెక్కల గోడల చెక్కపెట్టె ఉంటుంది. దాన్ని రూపొందించినాయన థామస్ స్టీవెన్‌సన్, 'ట్రెజర్ ఐలాండ్' రాసిన రచయితకి తండ్రి. నడిరోడ్డు మీద ఆమ్లెట్ వేసి చూపించే టీవీ ఛానెళ్ళకి ఆ పెట్టె ఒకటి కొనివ్వాలని నా చిరకాల కోరిక.

ఇద్దరి నోళ్ళూ మూయించి ఇంటికొచ్చాను. అయినా ఆ ప్రశ్న వెంటపడింది. దానితో మా జేజి గుర్తుకొచ్చింది.

జేజి వానని తిట్టనిచ్చేది కాదు. బడి నుంచి తడిసొచ్చి "పాడు వాన" అన్నానంటే నెత్తిన మొట్టికాయ పడేది. "వానను తిడతావా? నోట్లో పుండ్లు లేస్తాయి రా" అనేది. ఆమె చూసిన కరువు అలాంటిది. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టినప్పుడు చెంబు పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషి. ఆ ఏడాది పేరు నందన. సరిగ్గా రెండు అరవయ్యేళ్ళ చక్రాల వెనక, 1832లో గుంటూరు సీమని ఊడ్చేసిన డొక్కల కరువు వచ్చిందీ నందనలోనే. ఆ పాత సంగతి జేజికి తెలియదు గాని, 'నందన' అని ఎవరన్నా బిడ్డకి పేరు పెడితే మాత్రం మొహం తిప్పుకునేది.

వాకిట్లో రోలు ఉండేది. వాన రాత్రి పడితే, తెల్లారి జేజి మొదట చూసేది దాన్నే. అడుగు తడిసిందా, సగమా, నిండిందా. కరణీకం చేసిన మా తాతకి ఈ లెక్క నచ్చేది కాదు. తాలూకా కచేరీలో వానమాపకం ఉంది, అది అంగుళాలు, సెంట్లలో చెబుతుంది, ఆ చెప్పిందే వాన అని ఆయన పట్టు. అంగుళంలో నూరో వంతు సెంటు. "రోలు నిండింది" అని జేజి అన్న రోజున కచేరీ నుంచి ఆయన తెచ్చే కబురు రెండంగుళాల చిల్లర ఉండేది. "ఆరంగుళాల లోతు రోలు రెండంగుళాలకే నిండిందంట, మీ జేజి లెక్క!" అని ఎకసెక్కం చేసేవాడు. తర్వాత కాలేజీలో శంకువు ఘనపరిమాణం చదివినప్పుడు నాకు తెలిసింది, ఇద్దరి లెక్కా ఒకటేనని. రోటి గుంత పైన వెడల్పు, అడుగున సన్నం. మూతి మీద పడ్డదంతా సన్నటి చోటులోకి దిగుతుంది. నికార్సయిన శంకువైతే, లోతులో మూడో వంతు వానకే నిండుతుంది. రోహిణిలో పగలాల్సిన రోలు మా ఇంట్లో అసలు పని చేసేది ఆ తర్వాతే.

అయితే జేజి రోటినీ పూర్తిగా నమ్మేది కాదు. గడ్డపార తీసుకుని చేనికి పోయి, నాలుగు చోట్ల తవ్వి, తడి ఎంత దిగిందో జేనతో చూసేది. జేనెడు దిగితే పదునైనట్టు, గొర్రు కట్టొచ్చు. అరగంటలో దంచి పోయిన గాలివాన రోటిని నింపి, చేలో రెండు వేళ్ళు కూడా దిగేది కాదు, అంతా వంకలో పడి పోయేది. రాత్రంతా సన్నగా పడ్డ వాన రోట్లో సగమే ఉన్నా జేన దాటి దిగేది. మిల్లీమీటర్లు ఎన్ని అని అడిగేవాళ్ళు చాలామంది, ఎంతసేపట్లో అని అడిగేవాళ్ళు తక్కువ. మా కుర్రాడి ఐదింటి గాలివాన జేజి పరీక్షలో ఎప్పుడూ తప్పేది.

కరువు సీమ మనిషికి ఏ చినుకైనా మహాప్రసాదమే, ఇష్టాయిష్టాలు కడుపు నిండిన పట్నం వాళ్ళ సరదా అని ఇక్కడ ముగిస్తే నా కోపానికి న్యాయం జరిగేది. కానీ జేజి అలాంటి మనిషి కాదు. అశ్వనిలో వాన పడితే ఆమె మొహం మాడ్చుకునేది. అశ్వని కురిస్తే అంతా నష్టమని, భరణి కురిస్తే ధరణి పండుతుందని సామెత ఉంది కదా, దాన్ని ఆమె చట్టంలా పాటించేది. భరణిలో దుక్కికి సరిపడా ఒక్క వాన కావాలి. బుడ్డలు, అంటే వేరుశనగ, ఊడలు దిగేటప్పుడు వాన రాకపోతే అన్నం సయించేది కాదు. ఇక నవంబరులో చెట్లు పీకి ఆరేసిన రోజుల్లో మబ్బు పట్టిందా, వానని తిట్టరాదని మొట్టికాయలు వేసిన మనిషే వీధిలోకొచ్చి, దాని ఏడు తరాలనీ కడిగేది. తడిస్తే మేత నల్లబడుతుంది, కాయ మొలకెత్తుతుంది. నోట్లో పుండ్ల మాట అప్పుడు గుర్తుకొచ్చేది కాదు.

అంటే ఆ మనిషికున్నన్ని ఇష్టాలు మా బెంచీ మీద ఎవరికీ లేవు. ఒక్కో వానకి ఒక్కో కార్తె, ఒక్కో చేను, ఒక్కో లోతు. మావే మోటువి: ఎండ ఇష్టం, వాన ఇష్టం, అంతే. మాస్టారి పార్టీ అసలు పుట్టింది కూడా రోళ్ళ నుంచి కాదు, కల్లం నుంచి. మార్చి, ఏప్రిల్‌లలో ఆరబోసిన మిరపకాయ తడిస్తే రంగు పోయి తాలు కింద జమ అవుతుంది, ధర పడిపోతుంది. ఆ భయానికి ఆయన రుతుపవనాల సిద్ధాంతం తొడిగారు. తెలంగాణలో యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రం ముందు రాశి పోసి, 17 శాతం తేమ దాటకూడదన్న నిబంధనకి ఎండ కోసం కాసుక్కూర్చున్న రైతుకి కూడా ఏప్రిల్ ఉరుము వినసొంపుగా ఉండదు. అదే వాన అదే రోజు ఖాళీ చెలకకి దుక్కి పదును. ఈదురుగాలికి రాలిన మామిడికాయ ఆవకాయకి పనికిరాదు, కాని నాలుగు రాళ్ళు మిగుల్తాయని బండి మీద వేసుకుని అమ్ముకునే వాడుంటాడు. ఎవరి వాన వాళ్ళది.

ఊరి పేరు చెప్పకుండా వాన సంగతి మాట్లాడకూడదని కౌటిల్యుడికే తెలుసు. అర్థశాస్త్రంలో వానని ద్రోణాల్లో కొలిచి, దేశాల వారీగా చెప్పాడు. అవంతికి ఇరవై మూడు, అశ్మకానికి పదమూడున్నర. ఆ అశ్మకం మన గోదావరి ఒడ్డుదే, బోధన్ దాని రాజధాని అని మన చరిత్రకారులు చెబుతారు. ఉగాది నాడు పంచాంగం చదివే అయ్యవారు కూడా, ఉన్న వానలో సముద్రానికి ఇన్ని భాగాలు, పర్వతాలకి ఇన్ని, భూమికి ఇన్ని అని పంచుతారు గాని మొత్తం చెప్పి వదిలెయ్యరు. ఇప్పటి వార్తల్లో మాత్రం 'రాష్ట్రంలో సాధారణ వర్షపాతం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

అందుకని ఇష్టాలు మానుకోమని ఇప్పుడు నేను ఎవరికీ చెప్పను. ఇష్టం లేనివాడు ఏసీ గదిలో కూర్చుని, రాత్రి వాన పడిందా అని పొద్దున కారు అద్దం చూసి తెలుసుకుంటాడు. డాబా మీద సెన్సారు పెట్టేది పిచ్చి ఉన్నవాడే, దాన్ని పిట్టగోడకి బిగించినా సరే. శుక్రవారం నేనూ నా పార్టీ ప్రకటించేశాను: భరణిలో ఒక్క దుక్కి వాన, రోహిణిలో ఎండ, ఆరుద్రలో రాత్రిపూట సన్నవాన, బుడ్డలు పీకే రోజుల్లో ఒక్క చినుకు వద్దు. "కండిషన్లు ఎక్కువయ్యాయి అంకుల్" అన్నాడు కుర్రాడు. మాస్టారు రోహిణి వరకు మద్దతిచ్చారు.

పాఠకుల్లో ఎవరికన్నా ఈ వాదంలో చేరాలని ఉంటే, మృగశిర వచ్చే జూన్ 8 లోపల ఒక పని చెయ్యండి. అంచులు నిటారుగా ఉన్న గిన్నె, డబ్బా ఏదైనా సరే, డాబా మీద పెట్టండి. పక్కన చెట్టుగాని గోడగాని ఉంటే దాని ఎత్తుకి రెండింతలు దూరంగా జరపండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి స్కేలు పెట్టి చూసి, తేదీ, కార్తె, మిల్లీమీటర్లు రాయండి, నీళ్ళు పారబోయండి. పడిన వాన ఎంతసేపు పడిందో కూడా రాస్తే మా జేజి సంతోషిస్తుంది. 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే దాన్ని వాన రోజుగా లెక్క పెట్టకండి, వాతావరణ శాఖ కూడా పెట్టదు.